చప్పుడు పోయిన బ్రేకు పెడల్

బోధన్,
ఫిబ్రవరి 21, 1967.

చిరంజీవి రామ్‌దాస్‌కు బాపమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము ముగ్గురం లేచి తిరుగుతున్నాము, ఎవరికీ జ్వరం లేదు. క్షేమం అనే మాటను ఈసారి ఇంతకు మించి రాయలేను. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది. నువ్వు పుణెలో వేళకు తింటున్నావని, వర్క్‌షాపులో చేతులు జాగ్రత్తగా పెట్టుకుంటున్నావని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగిన వాటికి ముందు జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన తైలం వాసన గిట్టదని సీసా మూత కూడా తీయలేదు. ఉప్పు కాపడంతోనే తగ్గించుకుంది. నా కళ్లద్దాలు సరిపోయాయి, ఈ ఉత్తరం వాటితోనే రాస్తున్నాను. ఇక మూడోది, నువ్వు రాసినట్టు చేస్తే లారీ బ్రేకు పెడల్ కుదిరిందా అని అడిగావు. కుదిరింది. ఇప్పుడది అతుక్కుపోదు, టక్కుమనదు. అది అంత బాగా కుదరకపోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాయవలసి వచ్చేది కాదు.

లారీ దొడ్లో ఖాళీగా ఉంది, ఇంట్లోనే బాగుచేసుకుంటాను, ఎట్లా చేయాలో రాయి అని మీ బాపు నిన్ను అడిగాడు. చెరుకు సీజను నడుమ లారీ ఎందుకు ఖాళీగా ఉందో అతడు రాయలేదు. నేను రాస్తున్నాను, కూర్చొని చదువు.

సంక్రాంతి వెళ్లిన తరువాత వారంలో మన డ్రైవరు కాశయ్య చెరుకు లోడుతో ఫ్యాక్టరీకి పోతున్నాడు. కాలువ వంతెన దిగేచోట పల్లం నీకు తెలుసు. కాటా దగ్గర జాగా లేక బండ్లు ఆ పల్లం దాకా నిలిచి ఉన్నాయి. చివరి బండి ముందు పెంటవ్వ అనే ఆమె ఎద్దు ముకుతాడు పట్టుకొని నిలబడింది. భీమ్‌గల్ దిక్కు నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన మనిషి. లారీ ఆగలేదు. బండిని వెనక నుంచి గుద్దింది. బండికీ ముందున్న బండికీ నడుమ పెంటవ్వ పడిపోయింది. కాశయ్య పారిపోలేదు. చెరుకు గడలు తీసి, ఆమెను చేతులమీద ఎత్తుకొని రోడ్డు దాకా తెచ్చాడు. అప్పటికే ప్రాణం లేదు.

ఠాణాలో కాశయ్య ఒక్కటే చెప్పాడు: “బ్రేకు తొక్కిన, కిందికి పోయింది, మల్ల పైకి రాలే. రెండోపారి తొక్కుదామంటె కాలికింద ఏమీ లేకుండె.” ప్రతి డ్రైవరూ ఇదే చెబుతాడని అక్కడివాళ్లు నవ్వారట. మీ బాపు మాత్రం కాశయ్య కల్లు తాగి నడిపాడని రాయించి వచ్చాడు.

ఇంటికి వచ్చాక మీ అమ్మ అడిగింది. “తాగంగ నువ్వు సూసినవా?”

“కండ్లు సూడలేదా, నిప్పుల లెక్క ఉన్నయి.”

“సీజన్ల నిద్ర లేనోనికి కండ్లు ఎర్రగ కాక తెల్లగ ఉంటయా?”

“నువ్వు అన్నం పెడ్తవా, పంచాయితీ పెడ్తవా?” అన్నాడు మీ బాపు.

నేను అప్పుడు నా కొడుకు మాటే నమ్మాను. కాశయ్య తాగగా నేనూ ఎన్నడూ చూడలేదు, అయినా నమ్మాను. కాశయ్యను నిజామాబాదు జైలుకు పంపారు. లారీకి మీ బాపే పూచీ అని జమానత్ రాయించుకొని మన దొడ్లో నిలిపారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి తొక్కి చూసేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నారు. ఆయన సెలవులో ఉన్నాడు. ఆ సందులో మీ బాపు నీకు రాశాడు, నీ జవాబు వచ్చింది.

నీ ఉత్తరం అందిన మరునాడు పొద్దున మీ బాపు దొడ్డి తలుపు మూసి గడియ పెట్టాడు. చేతులకు మసి అంటితే కాగితం పాడవుతుందని, నన్ను పక్కన కూర్చుండి చదవమన్నాడు. బండి చెడిపోతే బాగుచేయడంలో తప్పేముందని అనుకొని పీట వేసుకొని కూర్చున్నాను. నువ్వు చక్కగా రాశావు, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు.

మొదట ఏమీ విప్పవద్దు, పెడల్‌ను చేతితో నొక్కి వదలండి, ఎంత దూరం పైకి వచ్చి ఆగుతుందో చూడండి అని రాశావు. చదివాను.

“ఆగుతది, గది తెల్సిందే గద. తర్వాతది సదువు” అన్నాడు మీ బాపు.

నేను వరుస తప్పి చదివేదాన్ని కాను. చూసిన తరువాతనే రెండోది చదువుతానన్నాను. విసుక్కుంటూ నొక్కాడు. టక్కుమని శబ్దం చేసి పెడల్ కిందికి పోయింది. చేయి తీశాడు. అది అక్కడే ఉండిపోయింది. మెల్లగా లేస్తుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను. లేవలేదు. అప్పుడు మీ బాపు చూడకుండానే కాలివేళ్లు పెడల్ కిందికి దూర్చి పైకి ఎగదన్నాడు. అది లేచింది. ఆ కాలు ఆ పనికి బాగా అలవాటుపడి ఉంది, రామ్‌దాస్.

“ఎప్పటిసంది గిట్ల లేపుకుంటున్నరు?” అని అడిగాను.

“నేను నడిపితె నేను లేప్త, కాశయ్య నడిపితె కాశయ్య లేప్తడు. పాత బండి, దానికో మర్యాద ఉంటది.”

“ఠాణాల వాడు చెప్పింది గిదే కదరా?”

“నిన్నేమన్న కాశయ్యకు వకీలు పెట్టిండ్రా అవ్వా? సదువు.”

నేను చదివాను. అక్కడ కాగితం మడిచి లేవవలసింది. లేవలేదు, చదివాను.

టక్కుమనే చోటు చెవితో దొరకదు, ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు కీళ్లమీద అరచేయి పెట్టి చూడండి, ఎక్కడ చేతికి తగిలితే అక్కడే జబ్బు ఉంది అని రాశావు. మీ బాపు నొక్కాడు, నేను వంగి చేయి పెట్టాను. పెడల్ కాడ మొదట ఏమీ తగలలేదు. కిందికి జరిపి, పెడల్‌కూ బ్రేకుకు పోయే కడ్డీకీ జోడు కలిసే చోట పెట్టాను. అక్కడ, సుత్తితో మెల్లగా కొట్టినట్టు, నా అరచేతికి తగిలింది. మళ్లీ నొక్కమన్నాను, మళ్లీ తగిలింది.

ఆ జోడులో నుంచి మీ బాపు పిన్ను లాగాడు. అది లారీ పిన్ను కాదు. మన పాత ఎడ్లబండి చక్రానికి పెట్టే చీల. ఆకురాయితో అరగదీసి, పట్టేటట్టు చేసి దూర్చారు. నడుమ గాడి పడి సగానికి అరిగింది. అది దూరిన రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారానికి సాగింది. తొక్కినప్పుడల్లా చీల ఆ సందులో ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు దూకుతున్నది, అదే చప్పుడు.

“ఎవరు పెట్టిండ్రు దీన్ని?”

“నేనే పెట్టిన. అసలుది హైదరాబాద్ల దొరుకుతదన్నరు. కోతలు పడ్డంక ఎవడు పోతడు? బండి చక్రాన్నే ఆపింది, గీ కడ్డీని ఆపదా అనుకున్న.”

మన ఇంట్లో మీ ముత్తాత నాటి నుంచి బండ్లు ఉన్నాయి. బండికి పనికొచ్చింది లారీకీ పనికొస్తుందని నీ తండ్రి నిజంగానే అనుకున్నాడు. ఆ ఒక్క ముక్క అతని పక్షాన రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పెడల్ ఎందుకు అతుక్కుంటుందో చెబుతూ, అది తిరిగే ఇరుసుకు ఎవరైనా వంట నూనె పోశారా అని నువ్వు అడిగావు. పోస్తే ఎండి లక్కలాగా పట్టుకుంటుందన్నావు. ఇరుసు ఊడదీస్తే నువ్వు అన్నదే కనిపించింది. పసుపు మూటలు మోసినప్పుడు రాలిన దుమ్ము కూడా దానిలో కలిసి, గోటితో గీకితే రానంత గట్టిగా పట్టింది. అప్పుడే మీ అమ్మ కిరోసిన్ తెచ్చి ఇచ్చి, ఇరుసు మీది వాసన చూసి నిలబడిపోయింది.

“ఇది మన కుసుమ నూనె గద.”

మీ బాపు కిరోసిన్ డబ్బాను తన దిక్కు లాక్కున్నాడు.

“కాశయ్య గిరీసు కొనియ్యుమని అడిగిన నాడే నన్ను గిన్నెల నూనె పొయ్యుమన్నవు. దేనికంటె చెప్పకపోతివి. నేను దీపాలకేమో అనుకుంటి.”

“ఇంట్ల నూనె ఉండంగ బయట కొంటరా ఎవలన్న? పో, పొయ్యి మీద ఏం పెట్టినవో సూస్కో పో.”

మిగతా పని నువ్వు రాసినట్టే జరిగింది. ఇరుసును కిరోసిన్‌లో నానబెట్టి గరుకు కాగితంతో నున్నగా చేశాడు. రబ్బరుకు కిరోసిన్ తగలనివ్వవద్దన్న నీ మాట నేను రెండుసార్లు చదివాను, తగలనివ్వలేదు. సాగిన రంధ్రాన్ని గుండ్రంగా రాకి, పాడైన స్టవ్వులోని ఇత్తడి గొట్టాన్ని ముక్క కోసి అందులో బిగించాడు. దానిలోకి సరిపోయే ఉక్కు బోల్టు వేశాడు. కొత్త స్ప్రింగు తగిలించి, తొక్కిన మొదట్లో కొంచెం వదులు ఉండేటట్టు కడ్డీని తిప్పి సరిచేశాడు. అసలైన గ్రీజు రాశాడు. అది కొనడానికి ఇప్పుడు తీరిక దొరికింది.

తరువాత తొక్కి వదిలాడు. చప్పుడు లేదు. కాలుతోపాటే పైకి లేచింది.

“సూడే అవ్వా, బడిపోరని లెక్క, కూసో అంటె కూసుంటది, లే అంటె లేస్తది” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చీలను పాత ఇనుము డబ్బాలోకి విసిరి, నీ ఉత్తరాన్ని నా చేతిలో నుంచి తీసుకొని పొయ్యిలో పెట్టాడు. డబ్బాలో నుంచి చీలను నేను తీసుకున్నాను. ఏం చేయాలో అప్పటికి తెలియదు.

ఆ వారమే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెడల్ తొక్కి చూశాడు, కాలువ గట్టు దాకా నడిపించి చూశాడు. “మస్తు పడుతుంది కదా పటేల్, బ్రేకు” అన్నాడు. బండిలో ఏమైనా ముట్టుకున్నారా అని అడిగాడు. మీ బాపు “చెయ్యి గూడ పెట్టలే సార్” అన్నాడు. ఆ మాట నా ఎదుట, నేను గడపలో నిలబడి ఉండగా అన్నాడు. నేను నోరు తెరవలేదు. ఇన్‌స్పెక్టరు చాయ తాగి, బ్రేకులో లోపం లేదని రాసుకొని పోయాడు.

కాశయ్య పెళ్లాం సాయవ్వ నీకు తెలుసు, మన కళ్లంలో పసుపు ఉడకబెట్టే మనిషి. పోయిన వారం వచ్చి అరుగు కింద కూర్చుంది. పైకి రమ్మన్నా రాలేదు.

“పెద్దవ్వా, రేపు జేలుకు పోతున్న. నువ్వొక్కపారి రావాలె. ఆయన తింటలేడు. నా మాట ఇంటలేడు. నువ్వు కోపం జేస్తె తింటడు.”

“అయ్యో. నేను వస్తే మీ పటేల్ ఏమంటడో?”

“పటేల్ ఏమన్న అననీ. తాగుబోతన్నంక ఇంక అనేందుకు ఏమున్నది?”

వెళ్లాను. బస్సులో సాయవ్వ దారి పొడుగునా తన మొగుణ్ణి తిడుతూనే వచ్చింది, లారీ వద్దంటే వినలేదని, బండి తోలుకున్న రోజులే బాగుండెనని. జైలు దగ్గర ఊచల అవతల కాశయ్యను తెచ్చి నిలబెట్టారు. మనిషి సగమయ్యాడు. అన్నం ఎందుకు తినవని గద్దించాను. అతడు వేరే మాట ఎత్తాడు.

“పెద్దవ్వా, ఇన్‌స్పెక్టర్ సాబ్ తొక్కి సూసిండట గద. బ్రేకు మంచిగనే ఉందట.”

“ఎవరు చెప్పిండ్రు?”

“వకీలు చెప్పిండు. నేను దినాం ఆలోచన జేస్తున్న. తొక్కిన అనే యాదికున్నది నాకు. కని సార్లు అబద్ధం రాయరు గద. పెడల్ మంచిగుంటె మరి నా కాలే తప్పిపోయిందేమో. నిద్రల బ్రేకు అనుకొని ఇంకోటి తొక్కిన్నేమో. గా పెంటవ్వను నేనే సంపిన్నేమో పెద్దవ్వా. మొన్న వకీలు ఒప్పుకో అన్నడు. ఒప్పుకుంట అన్న.”

రామ్‌దాస్, అతడు తాగలేదని అతనికి తెలుసు. పెడల్ పైకి రాలేదని అతని కాలికి తెలుసు. మనం దొడ్డి తలుపులు మూసుకొని చేసిన ఒక్క పొద్దు పనితో అతడు తన కాలినే నమ్మకుండా అయ్యాడు. ఇంకొన్నాళ్లు పోతే తాగాననీ నమ్మేవాడు.

నేను అతనికి చెప్పాను. పెడల్ కింద ఉండిపోగా నా కళ్లతో చూశానని, చప్పుడు నా చేతికి తగిలిందని, ఇన్‌స్పెక్టరు రాకముందే బాగుచేశారని, నేనే పక్కన కూర్చొని చదివి చేయించానని చెప్పాను. కాశయ్య తన కుడికాలు వైపు చూశాడు.

“అయితె తొక్కిన్నే” అన్నాడు. మళ్లీ అన్నాడు, “తొక్కిన గద.”

సాయవ్వ నావైపు తిరిగింది. “నిన్న మా ఆయన అన్నం తింటలేడంటె అయ్యో అన్నవు. గప్పటికే నీకు ఎరుకేనా పెద్దవ్వా? ఎట్ల మింగినవు నువ్వు అన్నం ఇన్ని దినాలు?” అని జైలు ముందు అందరూ వింటుండగా అడిగింది.

ఇప్పుడు నీకు చెప్పకుండా ఇంతదూరం లాగిన మాట. అక్కడినుంచి నేను ఇంటికి రాలేదు. నేరుగా ఇన్‌స్పెక్టరు కచేరికి పోయి నీ తండ్రి మీద చెప్పాను. కొంగున కట్టుకొని వెంట తెచ్చిన చీలను ఆయన మేజా బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, “అమ్మా, ఇసువంటి చీల ప్రతి బండికి ఉంటది. ఇది లారీల నుంచే వచ్చిందని ఎట్ల నమ్మాలె?” అన్నాడు. సరైన ప్రశ్నే. జోడు విప్పి లోపలి ఇత్తడి గొట్టం ఊడదీయండి, దాని వెనక రంధ్రాన్ని రాకిన గీతలు ఇంకా కొత్తగా మెరుస్తుంటాయి, కంపెనీవాడు స్టవ్వు గొట్టం వేయడు అన్నాను. ఆయన కలం తీసి మొదటినుంచి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది రాసుకున్నాడు, చదివి చూసి సంతకం పెట్టాను. నేరం ఒప్పుకోవద్దని కాశయ్య వకీలుకూ చెప్పించాను.

ఇంటికి వచ్చి, మీ బాపు అన్నానికి కూర్చోకముందే చెప్పాను. వెనక నుంచి ఎవరో చెబితే తెలియడం నాకు ఇష్టం లేదు.

“కన్నకొడుకును పట్టిచ్చి వచ్చినవా?” అన్నాడు.

“సూసింది చెప్పి వచ్చిన.”

“నేను పెంటవ్వను కావాల్నని సంపిన్నా?”

“లేదు. కాశయ్య గూడ సంపలే. కని వాడు జేల్ల ఉన్నడు, నువ్వు పీట మీద ఉన్నవు.”

కంచం జరిపి లేచిపోయాడు. అప్పటినుంచి నాతో మాట లేదు. నిన్న తన వకీలును కలిసి వచ్చి, నాకు వినపడేటట్టు మీ అమ్మతో అన్నాడు: ఆ ఇత్తడి గొట్టం లారీ కొన్ననాడే ఉండెనట, ముసలిదానికి మతి సరిగా లేదని చెబుతాడట. ఎల్లుండి సాక్షులుగా పిలిచిన పంచుల ఎదుట జోడు విప్పుతారు. గొట్టం ఉంటుంది, గీతలు ఉంటాయి. కాని ఎవరు ఎప్పుడు వేశారనేది నా మాటకూ నా కొడుకు మాటకూ మధ్య నిలబడుతుంది. నీ ఉత్తరం బూడిదయింది. తరువాతి ఉత్తరంలో కుదిరిందా అన్న ఒక్క మాటే ఉంది, అది చాలదు. ఏది ఎట్లా చేయాలో ఏ నెలలో రాశావో, ఎవరు అడిగితే రాశావో చెప్పగలిగినవాడివి ఇక నువ్వు ఒక్కడివే.

నువ్వు నేర్చిన పని మంచిది, అడిగినవాడు నీ తండ్రి, మంచికే రాశావు. నీ మీద ఏ మచ్చా లేదు. కాని కచేరిలో నీ పేరూ రాయించాను, సాక్ష్యానికి రమ్మని నీకు సమను వస్తుంది. వచ్చినప్పుడు తండ్రి ముఖం చూసి మాట మార్చుకుంటావేమోనని, అన్నీ ముందే తెలియాలని ఇదంతా రాశాను.

మీ అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి ఇప్పుడు నా పక్కన నిలబడింది. రామ్‌దాస్‌ను రావద్దని రాయి అంటున్నది. “సెలవు దొరకలేదని చెప్పుమను, జ్వరమని చెప్పుమను. వానితోని వాని తండ్రిని జేలుకు పంపియ్యకు అత్తా, నీ కాళ్లు మొక్కుత” అంటున్నది. ఆమె నోటితో అన్నది ఉన్నదున్నట్టు నీకు చేరవేశాను. అది మీ అమ్మ మాట.

నా మాట: రా.

ఇట్లు,
మీ బాపమ్మ,
రేణుకమ్మ.